పాలవిరుగుడు, పచ్చనాచు, పన్నెండు లక్షలు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే, ఇంకా కాఫీ చుక్క గొంతులో పడకముందే, మా బాబాయి కొడుకు నుంచి వాట్సాప్‌లో పద్నాలుగు పేజీల ఫైలొకటి దిగింది. దాని వెనకాలే ఫోను. "అన్నయ్యా, చూశావా? మొత్తం చదివి నీ ఒపీనియన్ చెప్పు. నువ్వక్కడ పాల ఫ్యాక్టరీల్లోనే కదా పనిచేసేది!" అన్నాడు. పాల ఫ్యాక్టరీలో కాదురా, పాల ఫ్యాక్టరీ వాళ్ళ సాఫ్ట్‌వేర్లో అని ఎన్నిసార్లు చెప్పినా సరే, మా వాళ్ళ దృష్టిలో నేను అమెరికాలో గేదెలు కాస్తున్నట్టే లెక్క.

ఫైలు విప్పితే పచ్చటి నీళ్ళున్న తొట్లు, తెల్లకోటు వేసుకున్న ఓ అమ్మాయి, ఆవిడ చేతిలో పచ్చపొడి ఉన్న సీసా. సంగతేమిటంటే, పాల ఫ్యాక్టరీల్లో పనీరు, చీజు చేశాక మిగిలిపోయే విరుగుడు తేట ఉంటుంది కదా, దాన్ని ఎరువుగా వాడి తొట్లలో నాచు పెంచాలి. నాచు అంటే చెరువు గట్టున జారే పాచి కాదు, విడివిడిగా కంటికి ఆననంత సన్నటిది. పుస్తకాల్లో సూక్ష్మశైవలాలు అంటారు. నాకు నాచు అంటేనే సుఖంగా ఉంది. వీళ్ళు పెంచమనేది స్పిరులినా. (శాస్త్రవేత్తల్ని అడిగితే అది నాచే కాదు, బ్యాక్టీరియా జాతి అంటారు. వ్యవహారంలో నాచు కిందే చెల్లిపోతోంది లెండి.) విత్తనం కంపెనీ ఇస్తుంది, తేట కంపెనీ ఇస్తుంది, పండిన పొడి కంపెనీయే తిరిగి కొనుక్కుంటుంది. అరెకరం చాలు. పెట్టుబడి ఇరవై లక్షలు. మావాడి దగ్గర ఎనిమిదున్నాయి. మిగతా పన్నెండు ఎవరివో మీరీపాటికి ఊహించే ఉంటారు.

"కంపెనీయే తిరిగి కొంటుంది" అన్న మాట చదవగానే నాకు ఈము పక్షులు గుర్తొచ్చాయి. మా ఊరు భీమవరం దగ్గర. 2010 ప్రాంతంలో మా బాబాయి, అంటే ఈ కుర్రాడి తండ్రే, ఇలాగే ఒక ఫైలు నమ్మి ఈములు పెంచాడు. నూనె కొంటారు, మాంసం కొంటారు, ఈకలు కూడా కొంటారు అన్నారు. 2012 వచ్చేసరికి కొనేవాడు లేడు, పక్షులు మాత్రం రోజూ తింటూనే ఉన్నాయి. ఆ ఇనపకంచె మీద ఇప్పుడు మా పిన్ని బీరపాదు పాకిస్తోంది. మా ఇంట్లో ఆ ప్రాజెక్టు మీద ఇప్పటికీ వస్తున్న రాబడి అదొక్కటే.

అలాగని నేను వెంటనే వద్దు అని చెప్పలేకపోయాను. ఎందుకంటే ఇది ఈము కాదు. ఇందులో సైన్సు నిజం. అదే వచ్చిన చిక్కు. పూర్తి అబద్ధమైతే ఒక్క మాటతో పోయేది. సగం నిజాన్ని విడదీసి చెప్పాలంటే మూడు వారాంతాలు పట్టింది. ఎలాగూ చదివాను కాబట్టి మీక్కూడా చెప్తాను. ఊళ్ళో ఇలాంటి తమ్ముడో బావమరిదో లేని వాళ్ళు మనలో ఎంతమంది?

నేనుండేది విస్కాన్సిన్ రాష్ట్రంలో. ఇక్కడ కార్ల నంబరు ప్లేట్ల మీద కూడా అమెరికాస్ డెయిరీల్యాండ్ అని రాసి ఉంటుంది. దేశంలో తయారయ్యే చీజులో దాదాపు పావు వంతు ఈ ఒక్క రాష్ట్రానిదే. నాలుగేళ్ళ క్రితం నాకు ఇక్కడి ఒక చీజు కంపెనీలో ప్రాజెక్టు తగిలింది. వాళ్ళ పాత సరుకు లెక్కల్ని కొత్త సిస్టంలోకి మార్చడం పని. టేబుళ్ళు చూస్తుంటే వే, అంటే మన విరుగుడు తేట, రెండు కోడ్‌లతో కనిపించింది. ఒకదానికి ధర మామూలుగా ఉంది. రెండోదానికి ధర ముందు మైనస్ గుర్తుంది. సరుకుకి మైనస్ ధరేమిటి, ఎవరో పాత ప్రోగ్రామరు కక్కుర్తి పని చేసుంటాడని బగ్ కింద టికెట్ పెట్టేశాను. మర్నాడు ప్లాంటు నుంచి ఓ పెద్దాయన ఫోన్ చేసి నవ్వాడు. అది బగ్ కాదట. పెద్ద ప్లాంటులో తేటని వడకట్టి ప్రోటీన్ పొడి చేస్తారు కాబట్టి దానికి ధర. కొండ మీదున్న చిన్న ప్లాంటులో అంత యంత్రాంగం లేదు కాబట్టి, వచ్చి పట్టుకుపోయినందుకు ట్యాంకరు వాడికి వీళ్ళే ఎదురు డబ్బులివ్వాలి. అందుకని మైనస్. టికెట్ మూసేశాను గానీ ఆ మైనస్ గుర్తు మాత్రం బుర్రలోంచి పోలేదు. ఈ వ్యాసం మొత్తం దాని గురించే అనుకోండి.

ముందు ఆ తేట కథ కాస్త చూద్దాం. పది కిలోల పాలు పోస్తే వచ్చే చీజు ఒక కిలో. మిగతా తొమ్మిది కిలోలూ తేటే. పాలనీ నీళ్ళనీ వేరు చేసే హంస గురించి మనవాళ్ళు చాలా రాశారు గానీ, పాలు తాగేశాక మిగిలిన ఆ నీళ్ళనేం చేసిందో ఎవరూ రాయలేదు. మా అమ్మయితే పాలు విరిగిపోయినప్పుడు ఆ నీళ్ళతో చపాతీ పిండి తడిపేది. ఇంట్లో గ్లాసెడు కాబట్టి సరిపోయింది. ఫ్యాక్టరీలో రోజుకి లక్షల లీటర్లు. ఒకప్పుడు ఇక్కడ పందులకి పోసేవారు, పొలాల మీద చల్లేవారు, ఎక్కువైతే వాగులోకి వదిలేసేవారు. 1970ల నుంచి సన్నటి వడపోత పొరలు వచ్చాక తేటలోని ప్రోటీన్‌ని పట్టుకోవడం మొదలైంది. ఇవాళ మన కుర్రాళ్ళు జిమ్ముల్లో పాలల్లో కలుపుకు తాగే ఖరీదైన డబ్బాలన్నీ ఒకనాడు వాగులో పోసిన ఈ సరుకే!

ప్రోటీన్ తీసేశాక కూడా తేట తేలికైపోదు. లీటరుకి నలభై అయిదు, యాభై గ్రాముల దాకా పాలచక్కెర, అంటే లాక్టోజ్, అందులోనే ఉండిపోతుంది. పైగా భాస్వరం, పొటాషియం, కాల్షియం. చెరువులో పోస్తే ఏమవుతుందో చెప్తాను. నీళ్ళలోని బ్యాక్టీరియా ఆ చక్కెర తినడానికి ఎగబడతాయి, తింటూ ఆక్సిజన్ లాగేస్తాయి. ఎంత లాగుతాయో కొలిచే లెక్కని బీవోడీ అంటారు. ఊళ్ళో మామూలు మురుగునీటికి అది లీటరుకి 200, 300 మిల్లీగ్రాములు ఉంటుంది. తేటకి 30,000 దాటుతుంది. మన వాతావరణంలో చెరువునీళ్ళలో కరిగి ఉండగలిగే ఆక్సిజనే లీటరుకి 8 మిల్లీగ్రాముల లోపు. అంటే ఒక్క లీటరు తేట, తక్కువలో తక్కువ మూడున్నర వేల లీటర్ల నీళ్ళలోని ఊపిరిని తాగేస్తుంది. చూడ్డానికి మాత్రం పల్చటి నిమ్మరసంలా అమాయకంగా ఉంటుంది.

ఇక్కడ నాచు ప్రవేశిస్తుంది. నాచుకి కావలసినవి ఎండ, గాలిలోని బొగ్గుపులుసు వాయువు, నత్రజని, భాస్వరం. ఇందులో కొన్ని రకాలకి ఇంకో విద్య కూడా తెలుసు. క్లోరెల్లా అని ఒకటుంది. ఎండ ఉంటే ఎండతో వండుకుంటుంది, పక్కనే చక్కెర కనిపిస్తే అదీ తింటుంది. లాక్టోజ్‌ని నేరుగా మింగడం దానికి చేతకాదు గానీ, ఎంజైముతో విడగొట్టి గ్లూకోజు, గాలక్టోజు కింద పెడితే ఆవురావురుమంటుంది. 2012లో పోర్చుగల్‌లోని మిన్హో విశ్వవిద్యాలయం వాళ్ళు ఇలా విడగొట్టిన తేటలో క్లోరెల్లాని పెంచి, వట్టి వెలుతుర్లో పెంచినదానికన్నా బాగా పెరిగిందని చూపించారు. శుద్ధమైన చక్కెరలు పోసినదానికన్నా కూడా మెరుగ్గా వచ్చింది. అదీ సంగతి! ఊరి ఊపిరి తీసే సరుకుని తిని, మాంసకృత్తులున్న పచ్చపొడి తయారవుతుంది. ఇంత అందమైన లెక్క చూస్తే ఎవరికైనా మనసు పారేసుకోవాలనిపిస్తుంది. నాకే అనిపించింది. మా తమ్ముణ్ణి ఏమనగలను?

నిజం చెప్పాలంటే మా గోదావరి వాళ్ళకి నాచు పెంచడం కొత్తేమీ కాదు. మా మావయ్యకి ఆకివీడు వైపు చేపల చెరువులున్నాయి. పిల్లల్ని వదిలేముందు పేడ, సూపరు వేసి నీళ్ళు ఆకుపచ్చ కట్టేదాకా చూస్తాడు. గట్టున కూర్చుని మోచేతి దాకా చెయ్యి ముంచుతాడు. అరచెయ్యి బాగా కనిపిస్తే మేత చాలదు. మోచెయ్యి మునిగేలోపే అరచెయ్యి మాయమైపోతే రంగు మరీ చిక్కబడిందన్నమాట. అప్పుడు ఎరువు ఆపేస్తాడు. ఎందుకంటే నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది గానీ రాత్రి అదీ పీల్చుకునేదే. మరీ చిక్కబడితే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి, మావయ్య లుంగీ ఎగ్గట్టి ఏరేటర్లు వెయ్యడానికి పరుగెత్తాలి. నేను ఎమ్మెస్ చదివి నేర్చుకోనిది ఆ మోచెయ్యి దగ్గర నేర్చుకున్నాను: నాచు మేలూ కాదు, కీడూ కాదు. ఎంత ఉంది, ఎక్కడ ఉంది అన్నదే ప్రశ్న.

విస్కాన్సిన్ వాళ్ళకి ఇది కష్టపడి తెలిసొచ్చింది. మా ఇంటికి దగ్గర్లో మెండోటా అని పెద్ద సరస్సుంది. చుట్టూ డెయిరీ ఫారాలు. ఆవుల పేడంతా మొక్కజొన్న చేలల్లో వేస్తారు. మార్చిలో మంచు కరిగినప్పుడు, వసంతంలో వానలు పడ్డప్పుడు అందులోని భాస్వరం కొట్టుకొచ్చి సరస్సులో చేరుతుంది. ఇహ ఎండాకాలం వచ్చిందంటే నీళ్ళ మీద పెయింటు ఒలకబోసినట్టు నీలిపచ్చ నాచు. కొన్ని రకాల్లో విషం ఉంటుంది కాబట్టి పిల్లల్ని దింపొద్దు, కుక్కల్ని తాగనివ్వొద్దు అని ఒడ్డున బోర్డు పెట్టేస్తారు. చెప్పొచ్చేదేమిటంటే, పాడి వ్యర్థాలతో నాచు పెంచే ప్రాజెక్టు ఇక్కడ దశాబ్దాలుగా దివ్యంగా నడుస్తోంది. దానికెవరూ ప్రాజెక్టు రిపోర్టు రాయలేదు, ఏ బ్యాంకూ లోను ఇవ్వలేదు. వ్యర్థం వదిలితే నాచు ఎలాగూ పెరుగుతుంది. దాన్ని సరస్సులో పెరగనిస్తామా, తొట్టిలో పెరగనిస్తామా అన్నదొక్కటే మన చేతిలో ఉన్నది.

తొట్టిలో పెంచుదాం అన్నవాళ్ళు లేకపోలేదు. మేరీల్యాండ్‌లోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్ళు 2000లలో పేడనీళ్ళని వాలుగా ఉన్న వేదిక మీద పారించి, దాని మీద నాచు తివాచీలా పెరిగేలా చేశారు. వారానికోసారి గీకి ఆరబెట్టి, ఆ పొడిని మొక్కజొన్న, దోస నారుకి నిదానంగా పనిచేసే ఎరువుగా వాడి చూశారు, పనిచేసింది. పొరుగునున్న అయోవా స్టేట్ యూనివర్సిటీలో మురుగునీళ్ళలో మునిగి తేలుతూ నిలువుగా తిరిగే బెల్టుల మీద నాచు పెంచే పద్ధతి తయారుచేశారు. గమనించారా, బెల్ట్స్‌విల్ వాళ్ళు పొడి అమ్ముకుని బాగుపడదామని మొదలుపెట్టలేదు. నీళ్ళలోంచి భాస్వరం తీయడం అసలు పని. పొడి పక్కన వచ్చినది.

ఈ క్రమం తిరగబడినప్పుడల్లా దెబ్బతిన్నారు. అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 దాకా నాచు నుంచి ఇంధనం తీయాలని ఒక పెద్ద కార్యక్రమం నడిపి, పెట్రోలుతో పోటీపడలేమని మూసేసింది. 2009లో ఎక్సాన్ మొబిల్ అదే కలకి 60 కోట్ల డాలర్ల దాకా పెడతానని ప్రకటించి, 2023లో చేతులు దులుపుకుంది. నాచు నూనెల కంపెనీగా పెద్ద పేరు తెచ్చుకున్న సొలాజైమ్, పేరు మార్చుకుని మరీ 2017లో దివాలా తీసింది. వీళ్ళెవరూ తెలివితక్కువ వాళ్ళు కాదు, డబ్బు లేనివాళ్ళు అసలే కాదు. నాచు పెరగక పోలేదు కూడా. పెరిగిన నాచుని నీళ్ళలోంచి బయటికి తీసి ఆరబెట్టి అమ్మితే ఖర్చులు రాలేదు, అంతే. బయటి తొట్లలో లీటరు నీటికి ఒక గ్రాము పొడి దొరకడమే గొప్ప. కిలో పొడికి వెయ్యి లీటర్లకు తక్కువ కాకుండా నీళ్ళని వడకట్టాలి, తిప్పాలి, ఆరబెట్టాలి. కరెంటు బిల్లు ఎవరిది?

సరే, ఇంత తెలుసుకుని మళ్ళీ మావాడి ఫైలు ముందేసుకుని కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి చూసి, "ఆఫీసులో కోడ్ రివ్యూ ఇంత శ్రద్ధగా చేస్తే ఈపాటికి ప్రమోషన్ వచ్చేది" అనేసి వెళ్ళింది.

మొదటి తప్పు రెండో పేజీలోనే దొరికింది. చదరపు మీటరు తొట్టికి రోజుకి 40 గ్రాముల పొడి అని రాశారు. స్పిరులినాకి బాగా ఎండ కాసే చోట కూడా ఏడాది సగటున 10 గ్రాములొస్తే సంతోషించాలి. ఎండలోంచి ఒక ఆకైనా నాచైనా పట్టుకోగలిగినదానికి హద్దుంది. దాన్ని ఏ కంపెనీ నాలుగింతలు చెయ్యలేదు.

రెండోది అసలు జోడీయే కుదరలేదు. స్పిరులినాకి ఉప్పుసోడా కలిసిన క్షారపు నీళ్ళు కావాలి, పీహెచ్ తొమ్మిదికి పైన. ఆ నీళ్ళలో వేరే పురుగూ పుట్రా పెరగలేవు కాబట్టే మన పల్లెల్లో బయటి తొట్లలో కూడా దాన్ని పెంచగలుగుతున్నారు. అది దానికి కోటగోడ లాంటిది. తేటేమో పులుపు. పైగా పాలచక్కెర స్పిరులినాకి పెద్దగా అక్కరకొచ్చే తిండి కాదు. ప్రయోగశాలల్లో కొద్ది శాతం కలిపి పెంచినవాళ్ళున్నారు, కాదనను. కానీ అరెకరం తొట్లలో రోజూ తేట పోస్తే ఆ కోటగోడని మన చేత్తో మనం కూల్చుకున్నట్టే. చక్కెర చూడగానే బ్యాక్టీరియా వస్తుంది. నాచు ఒకటి రెండవడానికి పూట పట్టే చోట బ్యాక్టీరియా అరగంటలో అయిపోతుంది. పందెం మొదలవకముందే తేలిపోయింది. మరి క్లోరెల్లా సంగతో? దాన్ని చక్కెరతో సరిగ్గా పెంచాలంటే మూతలున్న స్టీలు ట్యాంకులు, ఆవిరితో శుద్ధి, అదంతా మందుల ఫ్యాక్టరీ వ్యవహారం. ఇరవై లక్షల్లో కాంపౌండు గోడ కూడా లేవదు.

మూడోది, మనుషులు తినే పొడి. తేట అంటే ఒకటే వస్తువు కాదు. చీజు తొట్టిలోంచి తాజాగా తీసిన తేట పాలంత శుభ్రమైన సరుకు. పైపులూ ట్యాంకులూ కాస్టిక్ సోడా, యాసిడ్ పోసి కడిగిన నీళ్ళు వేరు. పేడనీళ్ళు ఇంకా వేరు. మూడింటితోనూ నాచు పెరుగుతుంది. మొదటిదాని మీద పెరిగినదాన్ని తినడం గురించి మాట్లాడుకోవచ్చు. మిగతా రెంటి మీద పెరిగినది పొలానికి వెళ్ళాలి. మావాడి ఫైల్లో మూడింటినీ కలిపి డెయిరీ న్యూట్రియెంట్ అన్నారు. ఏ ట్యాంకరులో ఏది వస్తుందో రాయలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. పదకొండో పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్న వరస ఒక ఎత్తు. ఆ డెయిరీ న్యూట్రియెంట్‌ని రైతు కంపెనీ దగ్గరే కొనుక్కోవాలి, లీటరు మూడు రూపాయలు.

అక్కడ నాకు మైనస్ గుర్తు కళ్ళముందు మెరిసింది. వదిలించుకోవడానికి ఎవరో ఎదురు డబ్బిచ్చే సరుకుని మావాడు డబ్బిచ్చి కొనుక్కుంటాడన్నమాట! తమ మైనస్‌ని తీసుకొచ్చి మావాడి పుస్తకంలో ప్లస్ కింద రాయిస్తున్నారు. ఈ ఏర్పాటులో నాచు పెరిగినా పెరగకపోయినా కంపెనీకి నష్టం లేదు. తేట అమ్ముడుపోయింది, వదిలిపోయింది. నాచు చస్తే ఆ మురుగు మావాడి అరెకరంలో ఉంటుంది. పక్కన మావయ్య లాంటి వాళ్ళ చెరువులుంటాయి. పొల్యూషన్ బోర్డు వాళ్ళు వస్తే వచ్చేది ఎవరి గుమ్మంలోకి?

నా అభిప్రాయం ఇక దాచుకోకుండా చెప్పేస్తాను. పాల వ్యర్థాలతో నాచు పెంచడం మంచిదే, అవసరం కూడా. కానీ దాని లాభం పచ్చపొడిలో లేదు, బయటికెళ్ళే నీళ్ళ శుభ్రతలో ఉంది. అది చెయ్యవలసింది వ్యర్థం ఎవరిదో వాళ్ళు, వాళ్ళ గోడ లోపల, వాళ్ళ ఖర్చుతో. ఎవరికి మైనస్ ఉందో వాళ్ళకి నాచు ఆ మైనస్‌ని తగ్గించి పెడుతుంది. సున్నాకి చేరిస్తే అదృష్టం. మైనస్ లేని మా తమ్ముడిలాంటి వాడికి అందులో తగ్గించుకోవడానికేముంది? సొంత పొలం, సొంత అప్పు తప్ప.

దీనికి ప్రభుత్వాలు చెయ్యవలసిన పని కూడా ఒకటుంది, అది సబ్సిడీ కాదు. విస్కాన్సిన్ 2010లో నదుల్లో, వాగుల్లో భాస్వరం ఎంత ఉండొచ్చో అంకెలతో సహా రాసి పెట్టింది. పెద్ద నదుల్లో లీటరుకి 0.1 మిల్లీగ్రాము, చిన్న వాగుల్లో 0.075. ఊళ్ళూ, ఫ్యాక్టరీలూ గోలపెట్టాయి. ఖర్చు ఎక్కువని గడువులు అడిగాయి. సరస్సు కూడా ఇంకా బాగుపడిపోలేదు, అబద్ధమెందుకు. కానీ ఆ అంకె వచ్చాకే భాస్వరం తీసే పద్ధతులకి ఇక్కడ గిరాకీ పుట్టింది, వాటిలో నాచూ ఒకటి. మన దేశంలోనూ నదుల్లోకి, చెరువుల్లోకి వదిలే నీళ్ళకి బీవోడీ 30 మిల్లీగ్రాములు దాటకూడదని ఎప్పట్నుంచో రూలుంది. ముప్ఫైవేలు ఎక్కడ, ముప్ఫై ఎక్కడ! ఆ రూలు నిజంగా పట్టించుకునే చోట డెయిరీ యజమానే నాచు తెలిసినవాడి కోసం వెతుక్కుంటూ వస్తాడు. పట్టించుకోని చోట వెనక కాలువ ఉచితం. ఉచితంగా పారబోసుకునే కాలువ ఉన్నంతకాలం ప్రపంచంలో ఏ నాచుకీ ఉద్యోగం దొరకదు.

"అమెరికాలో కూర్చుని, అక్కడి డాలర్లు అనుభవిస్తూ, ఊళ్ళో ఏదో చేద్దామనుకునే కుర్రాణ్ణి నీరుకారుస్తావా?" అని అడగొచ్చు. మా బాబాయి దాదాపు ఆ మాటే అన్నాడు. నాకు సమాధానం దొరకలేదు, ఎందుకంటే అందులో కొంత నిజముంది. నాకు నెలనెలా జీతం వస్తుంది. రిస్కు తీసుకోవద్దని చెప్పడం నాకు తేలిక. వాడు హైదరాబాదులో రెండేళ్ళు ఉద్యోగం వెతికి విసిగి ఊరొచ్చాడు. వాడికి కావలసింది పచ్చపొడి కాదు, పొద్దున్న లేస్తే నాదంటూ ఒక పని. ఆ ఫైలు రాసినవాడికి సైన్సు తెలుసో లేదో గానీ ఈ విషయం మాత్రం బాగా తెలుసు.

అందుకని వద్దు అనలేదు. ఒక్క ప్రశ్న ఇచ్చి పంపాను. "ఒరేయ్, ఆ కంపెనీ వాళ్ళని ఇలా అడుగు: మీ తేట నేను పట్టుకెళ్తాను, నాకు లీటరుకి ఎంతిస్తారు? ఇస్తామంటే కూర్చుని మాట్లాడదాం. నువ్వే ఇవ్వాలంటే లేచి వచ్చెయ్యి." వాడు కాసేపు మాట్లాడలేదు. "డబ్బులు లేవని చెప్పొచ్చుగా అన్నయ్యా" అని ఫోన్ పెట్టేశాడు. ఆ తరవాత మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. గ్రూపులో నేను పెట్టిన పుట్టినరోజు శుభాకాంక్షలకి కూడా దండం బొమ్మ ఒకటి పడేసి ఊరుకున్నాడు. పన్నెండు లక్షలు నా ఖాతాలోనే ఉన్నాయి. పెద్ద సంతోషంగా మాత్రం లేదు.

నిన్న రాత్రి మళ్ళీ ఒక మెసేజ్ వచ్చింది. ఈసారి ఫైలు కాదు, ఫోటో. మా పక్క టౌన్లో చిన్న పనీరు తయారుచేసే షెడ్డు, దాని వెనక నీలం డ్రమ్ములు, వాటిలో మీగడ రంగు నీళ్ళు. కింద ఇలా రాశాడు: "ఆ కంపెనీ వాళ్ళు నవ్వి పంపేశారు అన్నయ్యా. కానీ వీళ్ళు తేట పట్టుకుపోవడానికి ఆటోవాడికి ట్రిప్పుకి ఆరొందలిస్తున్నారంట. నేను తీసుకెళ్తే నాకూ ఇస్తామన్నారు. దీంతో ఏం చెయ్యొచ్చు?"

ఏం చెయ్యొచ్చో నాకూ పూర్తిగా తెలీదు. తాజా తేట కాబట్టి గేదెల దాణాలో కలపొచ్చేమో పశువుల డాక్టర్ని అడగమన్నాను. మావయ్య చెరువులో మాత్రం చుక్క కూడా పడనివ్వద్దని గట్టిగా చెప్పాను. నాచు సంగతి తరవాత చూద్దాం, ముందు రోజుకెన్ని లీటర్లో ఒక నెల రాసి పంపమన్నాను. రాత్రే ఒక ఎక్సెల్ షీటు తయారుచేసి పంపాడు. ధర కాలమ్ చూశాను. వాడికి నేను చెప్పలేదు, అయినా ఆరొందల ముందు మైనస్ పెట్టాడు.